పందొమ్మిదో నంబరు కొండ సైకిలు

మా బావ లిఫ్టులు తనిఖీ చేసే మనిషి. ఊళ్ళో ఏ మేడలో లిఫ్టు ఎక్కినా లోపల అద్దం పక్కన చిన్న కార్డు ఉంటుంది. దాని మీద సిరాలో పడ్డ చీమ పాకినట్టు ఒక సంతకం ఉంటుంది. అది మా బావది. ఆ సంతకాన్ని నమ్ముకుని రోజూ కొన్ని వేలమంది పైకీ కిందికీ తిరుగుతుంటారు. మా బావ మాత్రం మెట్లెక్కుతాడు. పన్నెండు అంతస్తులైనా సరే. మీరు చూసి బాగుందన్న లిఫ్టే కదా అని వాచ్‌మన్లు వేళాకోళం చేస్తే, చూశాను కాబట్టే మెట్లెక్కుతున్నానంటాడు.

భయం ఆయన గుణం కాదు, ఉద్యోగం. ఉక్కు తాడులో ఒక్క పోగు తెగినా ఆయన కంట పడాలి. బోల్టు చుట్టూ వెంట్రుకంత తుప్పు గీత ఉన్నా పసిగట్టాలి. వారానికి ఆరు రోజులు జీతం తీసుకుని భయపడతాడు, ఏడో రోజు ఉచితంగా భయపడతాడు.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. పదో తరగతి సగంలో చదువు మానేశాను. చదువే నన్ను మానేసిందని మా అక్క అంటుంది. ఈ భూమ్మీద నాకు రాని పని లేదు, రెండు నెలలకు మించి నేను చేసిన పనీ లేదు. కాబట్టి సెలవు రోజున మా బావ చేసే అసలు పనికి నేనే కుడిభుజాన్ని. ఆ అసలు పని పాత కొండ సైకిళ్ళను సేకరించడం.

కొండ సైకిలంటే తెలుసు కదా. లావు టైర్లు, బారుగా ఉండే హ్యాండిలు, రాళ్ళూ రప్పల మీదుగా గుట్ట దిగడానికి చేసినది. ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ వేలాడుతుంటాయి. కానీ మొట్టమొదటివి ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు. ఎవరో కొందరు పిచ్చివాళ్ళు ఇంటి వెనక రేకుల షెడ్లలో ఒక్కొక్క గొట్టాన్నీ చేత్తో కోసి, గ్యాసు మంటతో అతికి చేశారు. వాటి కోసం ఇప్పుడు ఇంకొందరు పిచ్చివాళ్ళు తుక్కు కొట్లు గాలిస్తుంటారు. రెండో రకంలో మా బావ ఒకడు.

మాది రెండు గదుల ఇల్లు. సైకిళ్ళు పదకొండు. హాలు గోడకు నాలుగు, మంచం కింద విప్పదీసినవి మూడు, మిగిలినవి మనుషులు నడవాల్సిన చోట. కూర్చోవడానికి ఉన్న కుర్చీల కన్నా సైకిలు సీట్లే ఎక్కువ. కరెంటు మీటరు చూసే మనిషి ఒకసారి లోపలికొచ్చి రెండు హ్యాండిళ్ళ మధ్య ఇరుక్కుపోయాడు. నేను లాగితే బయటపడ్డాడు. ఆ తర్వాత గుమ్మం దాటలేదు. పాత రీడింగే రాసుకుపోతున్నాడు, నాలుగేళ్ళుగా మేం ఒక్క దీపం కూడా వెలిగించనట్టే లెక్క.

ఇన్ని ఉన్నా బావ ఒక్కదాన్నీ తొక్కడు. పడతానని భయం. ఆ భయానికి ఎరువు వేసేది మా అక్క. ఆవిడ ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నర్సు. ఎవరు ఎక్కడ పడ్డారో, ఏది ఎన్ని ముక్కలైందో సాయంత్రం వచ్చి వరసగా చెబుతుంది. మా ఇంట్లో భోజనంలోకి నంజుకోవడానికి ఎప్పుడూ ఒక విరిగిన ఎముక ఉంటుంది.

ఈ సేకరణ పిచ్చివాళ్ళకు ఒక గుంపు ఉంది. గుంపుకు పెద్ద ఒకాయన ఉన్నాడు, ఆయన్ని మేం జాబితా ఆయన అంటాం. పెద్ద సైకిళ్ళ కంపెనీలో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగులు గీసి రిటైరయ్యాడు. చేత్తో చేసిన ప్రతి పాత ఫ్రేము ఎవరు చేశారో, దాని నంబరెంతో, ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఒక జాబితా రాసిపెట్టాడు. గుంపులో ఇంకా టైర్ల అచ్చులు పోసినాయన, చక్రాల చువ్వల ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఉన్నారు. కొత్త ఫ్రేములను విరిచి చూడటానికే కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న విరుపుల మేస్త్రీ కూడా ఉన్నాడు. లోపలి సంగతులు తెలిసిన ఆ పెద్దల ఉత్తరం వస్తే మా బావ నిలబడి చదివేవాడు. జాబితాలో తన పేరు పడాలని ఆయన కోరిక. ఇంట్లో ఉన్న పదకొండూ ఫ్యాక్టరీ సరుకే, ఒక్కటీ జాబితాకు ఎక్కేది కాదు.

జాబితాలో అందరూ మోకరిల్లే పేరు ఒకటుంది, వెల్డరు పెద్దాయనది. ఆయన తన షెడ్డులో ఒంటరిగా నలభై ఒక్క ఫ్రేములు చేసి, ఒకనాడు హఠాత్తుగా మంట ఆర్పేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గుంపు ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది దొరికాయి. ఏడు, పందొమ్మిది, ముప్ఫై మాత్రం ఎక్కడున్నాయో తెలియదు.

రెండేళ్ళ కిందట బావ ఒక పాత ఆఫీసు మేడ పైన లిఫ్టు మోటారు గదికి వెళ్ళాడు. అక్కడ వాచ్‌మన్ తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న కమ్మీని చూసి తనిఖీ మరిచిపోయాడు. అది కమ్మీ కాదు, సైకిలు ఫ్రేము. గొట్టం, గొట్టం కలిసేచోట అతుకన్నదే లేదు, మైనం కరిగి పేరుకున్నట్టు నున్నగా ఉంది. అలా అతికే చెయ్యి ఒక్కటే. బావ ఆ సాయంత్రమే బట్టల స్టాండు ఒకటి కొత్తది కొనిచ్చి ఫ్రేము భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చాడు. దారిలో రెండుసార్లు ఏడ్చాడని నేనంటాను, ఒక్కసారేనని ఆయనంటాడు.

రంగు గీకి, తుప్పు కడిగి, పాత ఫోటోల్లో ఉన్న ఆకుపచ్చ రంగు వేయించాం. కార్ల పెయింటరు చేత ఆరుసార్లు రంగు కలిపించి, వాడికి సైకిళ్ళంటే విరక్తి పుట్టించాం. చక్రాలూ గేర్లూ తగిలించి జాబితా ఆయనకు ఉత్తరం రాశాం. ఆయన జవాబు రెండు ముక్కలే. నంబరు కింద, పెడళ్ళ దగ్గర ఉండాలి. నంబరు లేనిది జాబితాకెక్కదు. పోల్చుకోవడానికి ఇరవయ్యో నంబరు ఫోటో ఒకటి జతచేశాడు.

మాదానికి నంబరు లేదు. భూతద్దం పెట్టి అంగుళం అంగుళం వెతికాం. లేదు. బావ మూడు రోజులు ముద్ద సరిగా మింగలేదు. తుప్పు తినేసి ఉంటుంది, గీకేటప్పుడు మనమే పోగొట్టి ఉంటాం అన్నాడు. పోయినదాన్ని మళ్ళీ వేస్తే అది అబద్ధం కాదు, మరమ్మతు అన్నాను నేను. నా జీవితంలో నేనన్న మాటల్లో నాకు బాగా నచ్చిన మాట అదే, నన్ను బాగా పొడిచిన మాటా అదే.

అంకెలు కొట్టే ఉక్కు అచ్చులు బావ పెట్టెలోనే ఉన్నాయి, లిఫ్టు భాగాల మీద కొట్టేవి. దొరకని మూడింటిలో పందొమ్మిది ఎంచుకున్నాం. ఆదివారం పొద్దున ఫ్రేమును బోర్లించి నేను పట్టుకున్నాను, ఆయన కొట్టాడు. ఒకటి చక్కగా పడింది. తొమ్మిది మీద దెబ్బ వేస్తే, ఖంగుమనాల్సింది టప్పుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంకె మరీ లోతుగా దిగింది. బాగా దగ్గర్నించి ఫోటో తీసి పంపాం. జాబితాలో పందొమ్మిదో నంబరు ఎదురుగా మా బావ పేరు పడింది.

ఆ కాగితం వచ్చిన రోజు ఆయన లిఫ్టు ఎక్కాడు. మూడు అంతస్తులు. నమ్మకపోతే మీ ఇష్టం.

గుంపు వేసుకునే చిన్న పత్రిక తర్వాతి సంచికలో ఇరవయ్యో నంబరు పూర్తి ఫోటో వచ్చింది. అందులో నంబరు ఉన్నది పెడళ్ళ ఇరుసు తిరిగే మందపాటి డబ్బా మీద. మాకు వచ్చిన మొదటి ఫోటోలో అంకెలు తప్ప మరేమీ కనపడలేదు. మేం కొట్టింది ఆ డబ్బాకు రెండు వేళ్ళ ముందు, కింది గొట్టం మీద. ఆ గొట్టాలు చివర్లలో మందంగా, నడుమకు వచ్చేసరికి కోడిగుడ్డు పెంకులా పలచగా ఉంటాయి, బరువు తగ్గడానికి. ఆ పలచన మొదలయ్యే చోటే మేం సుత్తి దించాం.

బావ లేచాడు. పెట్టెలోంచి రెండు డబ్బాలు తీశాడు. లిఫ్టు కొక్కేలకు పగుళ్ళు చూసే మందు అది. ఎర్రటి ద్రవం పూసి, కాసేపుంచి తుడిచేసి, పైన తెల్లపొడి చల్లుతారు. పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు పొడిలోకి ఊరుతుంది. పొడి తెల్లగా ఆరింది. నేను హమ్మయ్య అనబోతున్నాను. తొమ్మిది తోక కింద ఎర్రటి గీత ఒకటి పుట్టింది. గోటి వెడల్పు, వెంట్రుక మందం. దాన్ని చూస్తూ బావ అలాగే గొంతుక్కూర్చున్నాడు. ఇదే గీత కొక్కేనికి కనపడితే ఆయన ఆ లిఫ్టుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ వస్తాడు.

ఇది గోడకు వేలాడేదే కదా, ఎవరు తొక్కుతారని ఆయనే పైకి అన్నాడు. అంకెల్ని లప్పంతో పూడ్చి, నున్నగా రుద్ది, పైన రంగు వేశాం. గీతా లేదు, నంబరూ లేదు. జాబితాలో మాత్రం ఉంది. హాలు గోడ మీద నడిమధ్యకు ఎక్కించాం. అప్పటినుంచి బావ ఆ గోడ కింద కూర్చోవడం మానేశాడు.

ఏడాది గడిచింది. ఒకరోజు జాబితా ఆయన ఉత్తరం వచ్చింది. బావ నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాడు. ఈసారి సమావేశానికి వెల్డరు పెద్దాయన వస్తున్నాడట. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. పందొమ్మిదో నంబరు దొరికిందని జాబితాలో చూశాడట, దాన్ని తప్పక తీసుకురమ్మన్నాడట.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. ఊరి చివర రాళ్ళ క్వారీ పక్కన గుట్ట మీద ఏటా కలుస్తారు. సైకిలు చేసినవాడు ఎవరైనా వచ్చాడంటే, తాను చేసినదాన్ని తొక్కుకుంటూ గుట్ట దిగాలి. అంతవరకూ అది బండి కాదు, బొమ్మ అంటారు. పెద్దాయనకు డెబ్బై మూడు. ఆ ఆచారం ఆయనకూ తెలుసు. దిగుతానని కబురు పెట్టాడు.

అసలు సంగతి తెలియని మా అక్క, ముసలాయన సైకిలు తొక్కుతాడని విని తినడం ఆపింది.

"ఆ వయసులో మెడ విరిగితే మా గదికి తీసుకురారండీ. కట్టు కట్టేదేం ఉండదు, ఇంటివాళ్ళకి కబురు పెట్టడమే."

బావ చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

ఆ వారం రోజులు నేను ఇచ్చిన సలహాలు ఇరవై. సైకిలు దొంగలెత్తుకుపోయారని చెబుదాం. దాని మీద గోడ కూలిందని చెబుదాం, కావాలంటే గోడ నేను కూలుస్తాను. మీకు అంటురోగం వచ్చిందని చెబుదాం. బావ ఒక్కదానికీ నవ్వలేదు. నిజం చెబుదామా అని చివరికి అడిగాను. నిజం చెబితే తన పేరుతో పాటు సంతకం కూడా పోతుందన్నాడు. గుంపులో సగం మంది ఇంజనీర్లు, ఊరు చిన్నది. దొంగ నంబరు కొట్టినవాడు లిఫ్టు కార్డు మీద పెట్టే సంతకాన్ని ఎవరు నమ్ముతారు? పదిహేడేళ్ళ ఉద్యోగం, దానితోనే మా బతుకు. చెప్పకపోతే పోయేది ఇంకొకడి మెడ. ఈ రెండింటి మధ్య మా బావ వారం రోజులు వేలాడాడు. పొద్దున్నే లేచి హాల్లోకి వచ్చి ఆ ఆకుపచ్చ గొట్టం మీద గోటితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. ఏం వినపడేదో నన్నడిగితే చెప్పలేను, ఆయన మొహం మాత్రం రోజురోజుకీ సున్నం కొట్టినట్టయింది.

ఆఖరికి ఒక ఉపాయం పన్నాడు. వెనక బ్రేకు తీగ సగానికి కత్తిరించాడు. ముసలాయన బ్రేకు లేని బండి ఎలాగూ ఎక్కడని.

ఆదివారం పొద్దున క్వారీ దగ్గరికి చేరేసరికి ముప్ఫై మంది దాకా ఉన్నారు. గుట్ట పెద్దదేమీ కాదు, కానీ దారి చెడ్డది. పై నుంచి కిందికి ఎర్రటి గులకరాళ్ళ వాలు. సగంలో ఒక మలుపు. ఆ మలుపుకు ఎడమ పక్కన క్వారీ తవ్విన గొయ్యి, అడుగున పచ్చనీళ్ళు. కంచె ఒకప్పుడు ఉండేదనడానికి రెండు రాళ్ళు మాత్రం మిగిలాయి.

వెల్డరు పెద్దాయనను నేను ఆరడుగుల రాక్షసుడనుకున్నాను. ఐదడుగులు కూడా లేడు. సీసా అడుగులంత మందం కళ్ళద్దాలు, చెవిలో మిషను, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. అందరూ ఆయన చుట్టూ మూగారు. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా మా సైకిలు దగ్గరికి వచ్చి, అతుకుల మీద బొటనవేలు పెట్టి నడిపించాడు. ముందు అతుకు, పై అతుకు, సీటు కింది అతుకు. తర్వాత వంగి ఇరుసు డబ్బా అడుగున వేలు పెట్టి తడిమాడు. అక్కడేమీ లేదు. ఆయన చెయ్యి కాసేపు అక్కడే ఆగింది.

ఆయన నడుం ఎత్తి, ఇది ఎక్కడ దొరికిందని మాత్రం అడిగాడు. మోటారు గది, తువ్వాళ్ళు, అంతా బావ చెప్పాడు. నంబరు సంగతి ఆయన అడగలేదు. అడిగి ఉంటే బావ అక్కడే కూలబడి చెప్పేసేవాడు. అడగకపోవడమే భయంగా ఉంది.

ఇక ఎక్కుదామా అన్నారు ఎవరో. బ్రేకు తెగిపోయిందండీ అని బావ చేతులు నలుపుకున్నాడు. జాబితా ఆయన వ్యానులో అన్నీ ఉన్నాయి. విరుపుల మేస్త్రీ నాలుగు నిమిషాల్లో కొత్త తీగ వేసి, బిగించి, రెండుసార్లు నొక్కి చూసి, ఇప్పుడు కొత్త పెళ్ళికొడుకులా ఉందన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా పళ్ళు బయటపెట్టాడు, నవ్వనడానికి వీల్లేదు.

పెద్దాయన సైకిలును పైదాకా తోసుకెళ్ళడం బావ వంతైంది. నేను పక్కనే నడిచాను. పావుగంట ఎక్కుడు. రాయి మీద చక్రం ఎక్కి దిగినప్పుడల్లా బావ కళ్ళు కింది గొట్టం మీదికి పోయేవి. మలుపు దగ్గర ఆగి గొయ్యిలోకి చూశాడు. నేనూ చూశాను. నీళ్ళ మీద గాలి లేదు. ఇక్కడే నెట్టేద్దామా బావా, చెయ్యి జారిందందాం అని గుసగుసగా అన్నాను. అదొక్కటే నేనిచ్చిన మంచి సలహా. ఆయన చేతులు బిగిశాయి, సైకిలు గొయ్యి వైపు ఒక జానెడు జరిగింది. వెనక పెద్దాయన రొప్పుతూ వస్తున్నాడు. రెండేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నదాన్ని నెట్టడానికి బావకు మనసు రాలేదు. మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు.

గుట్ట పైన చదునుగా ఉన్నచోట పదిమందిమి చేరాం, మిగతావాళ్ళు వాలు పొడుగునా నిలబడ్డారు. పెద్దాయన ఊపిరి తీసుకుని, చొక్కా చేతులు మడుచుకుని, కాలు అటువేసి సీటు మీద కూర్చున్నాడు. హెల్మెట్ పెడతామంటే, నేను చేసినదాని మీద నాకెందుకన్నాడు. ఎవరో ఫోటో తీశారు. ఆయన కింది వాలు వైపు చూసి, కుడికాలు పెడల్ మీద పెట్టాడు.

"సార్, దిగండి," అన్నాడు బావ.

ఆ గొంతు నాకే సరిగా వినపడలేదు. చెవిలో మిషనున్న మనిషికి ఏం వినపడుతుంది. ఆయన ఎడమకాలు నేల మీంచి లేచింది. చక్రం కదిలింది. ఒక గజం, రెండు గజాలు. బావ ఉరికి వెనక చక్రాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు. చువ్వల మధ్య వేళ్ళు పడ్డాయి. సైకిలు ఒక్క కుదుపుతో ఆగి పక్కకు ఒరిగింది. పెద్దాయన కాలు ఆనించి నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి చూశాడు.

"ఇది విరుగుతుందండీ. కింద పగులుంది. నేనే అచ్చు పెట్టి సుత్తితో కొట్టాను. ఆ నంబరు దొంగ నంబరు."

ఈసారి వాలు మీద సగం దాకా వినపడింది. బావ వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది, ఆయన చక్రం వదల్లేదు.

పెద్దాయన మెల్లగా దిగాడు. సైకిలును బోర్లించమని సైగ చేశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి బావ చూపించిన చోట గీకాడు. ఆకుపచ్చ రంగు రేగింది, లప్పం పొడిగా రాలింది. ఒకటి, తొమ్మిది బయటికొచ్చాయి. జాబితా ఆయన వాటిని చూసి, జేబులోని జాబితా తీసి, పెన్సిలు కోసం తడుముకున్నాడు. ఈ కాగితంలో ఇంతవరకూ ఒక్క అబద్ధం లేదన్నాడు. తిట్టినా బాగుండేది. బావ తల ఎత్తలేదు.

"పందొమ్మిది లేదు బాబూ," అన్నాడు పెద్దాయన జాబితా ఆయనతో. "ముప్ఫై ఏళ్ళ కిందటే దాన్ని నేనే ముక్కలు కోసేశాను."

అక్కడే రాయి మీద కూర్చుని చెప్పాడు. పందొమ్మిదో నంబరు కొన్న మనిషి వాలు దిగుతుంటే కింది గొట్టం విరిగింది. మనిషి బతికాడు, మళ్ళీ నడవలేదు. గొట్టంలోనే లోపం ఉందో, తన మంట ఎక్కువైందో పెద్దాయనకు ఎప్పటికీ తేలలేదు. ఎవరికీ చెప్పకుండా షెడ్డు మూసేశాడు. మిగిలిన నలభై ఎవరెవరి కింద ఉన్నాయో, ఏది ఎప్పుడు విరుగుతుందో అని ముప్ఫై ఏళ్ళూ టెలిఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు. అలాంటిది, చేతులారా కోసేసిన పందొమ్మిది బతికే ఉందని జాబితాలో చదివాడు. ఎవరో దొంగసరుకు చేశారనుకున్నాడు. సైకిలు తప్పక తెస్తారని దిగుతానంటూ కబురు పెట్టి, చూసి పట్టిద్దామని వచ్చాడు.

"తీరా చూస్తే అతుకులు నావే. అమ్మకానికి చెయ్యకముందు నా కోసం చేసుకున్న మొదటిది ఇది. అప్పుడెప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. దీన్ని నేనే రోజూ తొక్కినవాణ్ణి, అందుకే ఇవాళ ధైర్యంగా ఎక్కాను. దీనికి నంబరు లేదు. నా చెంబు మీద నేను నంబరు వేసుకుంటానా?"

అప్పుడు బావ తల ఎత్తాడు. నంబరు లేకపోవడమే దాని గుర్తు. అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది, దాని నుదుట మేం సుత్తితో రాశాం. ఆయన మొహం చూడలేక నేను గుట్టకు అవతలి వైపు చూశాను.

గొట్టం మార్చవచ్చు కదా అన్నారు ఎవరో. పెద్దాయన తన చెయ్యి చాపి చూపించాడు, గాలిలో ఆకులా ఊగుతోంది. ఇంకెవరి చేతా పెట్టించనన్నాడు. పోనీ గోడకు తగిలించి ఉంచుకోమను, అందంగా ఉంటుంది అన్నాడు విరుపుల మేస్త్రీ. పెద్దాయన బావ వైపు తిరిగాడు.

"గోడ మీద ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు దించుతాడు. దించినవాడు తొక్కి చూస్తాడు. అప్పటికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను, చెప్పేవాడు ఉండడు. రంపం ఉందా?"

రంపం కింద వ్యానులో ఉంది. తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెద్దాయన రంపం గొట్టానికి ఆనించాడు. చెయ్యి వణికి బ్లేడు జారింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. రంపాన్ని బావకు ఇచ్చాడు. బావ వేళ్ళకు రుమాలు చుట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫ్రేము కదులుతుంటే జాబితా ఆయన వచ్చి, వంగి గట్టిగా పట్టుకున్నాడు.

అంకెలకు ఒక పక్క వేలెడు, రెండో పక్క జానెడు వదిలి కోశాడు. ఉక్కు అరిచిన అరుపు క్వారీ గొయ్యిలోకి పోయి తిరిగి వచ్చింది. ముక్క ఊడి బావ చేతిలో పడింది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని వెలుతురుకు పెట్టి లోపలికి చూశాడు. చూసి, పెద్దాయనకు అందించాడు. ఆయన నుంచి విరుపుల మేస్త్రీకి, మేస్త్రీ నుంచి నాకు వచ్చింది. బయట గోటి వెడల్పున్న గీత లోపల గొట్టాన్ని సగానికి పైగా చుట్టేసింది. లోపలి అంచు తుప్పుతో నల్లగా ఉంది, దాని పక్కన కొత్తగా తెగిన చోటు వెండిలా మెరుస్తోంది. తోసుకొచ్చిన పావుగంటలో కూడా అది పాకుతూనే వచ్చింది.

విరుపుల మేస్త్రీ జీవితంలో వేల ఫ్రేములు విరిచినవాడు. మలుపు దాకా కూడా వచ్చేది కాదన్నాడు. అక్కడ్నించి మలుపు కనపడుతోంది, మలుపు పక్కన పచ్చనీళ్ళు కనపడుతున్నాయి. పెద్దాయన చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. మంచినీళ్ళు అడిగాడు. బావ సీసా మూత తీసి అందించాడు. జాబితా ఆయన పెన్సిలు తీసి పందొమ్మిది ఎదురుగా ఉన్న పేరును ఒక్క గీతతో కొట్టేశాడు. కొత్త పేరేదీ రాయలేదు.

పెద్దాయన తర్వాత సరదాగా దిగడానికి ఇంకా నాలుగు సైకిళ్ళు పైకి తెచ్చారు ఆ రోజు. వాటివాళ్ళు హ్యాండిళ్ళు పట్టుకుని వాలు వైపు చూస్తూ నిలబడ్డారు. ఒకాయన వంగి తన సైకిలు కింది గొట్టం మీద గోటితో కొట్టి చెవి పెట్టాడు. పక్కాయన కూడా కొట్టాడు. తర్వాత మొదటాయన సైకిలు దిగువకు తిప్పి, బ్రేకు నొక్కి పట్టుకుని, దాని పక్కన నడవడం మొదలుపెట్టాడు. అతని వెనకే ఇంకొకరు. ముప్ఫై మందిమి వరసగా నడిచి దిగాం. మలుపు దగ్గర అందరూ కుడి పక్కకు ఒదిగారు. అందరికన్నా వెనక బావ, పెద్దాయన వచ్చారు. కోసిన సైకిలును ముందు భాగం ఒకరు, వెనక భాగం ఒకరు మోసుకుంటూ, రాళ్ళ మీద అడుగు చూసి చూసి వేస్తూ. జారే చోట పెద్దాయన మా బావ భుజం పట్టుకున్నాడు. నేలకు వచ్చేదాకా వదల్లేదు.